ఇచ్చట తాళం తీయబడదు

ఇల్లందు బస్టాండు ఎదురుగా ఉన్న ఆ మొబైల్ షాపు బోర్డు మీద షాపు పేరు కన్నా పెద్ద అక్షరాల్లో ఒక ప్రగల్భం ఉండేది. "ఇచ్చట తెరుచుకోని తాళం లేదు."

ఆ ప్రగల్భం శివది. ప్యాటర్న్ మర్చిపోయినవాళ్ళు, అత్తగారికి తెలియకుండా పెట్టుకున్న పాస్‌వర్డ్ చివరికి తమకే గుర్తురానివాళ్ళు అందరూ అతని దగ్గరికే వచ్చేవారు. తండ్రి చందర్ గనిలో బొగ్గు తవ్వితే కొడుకు షాపులో ఫోన్లు తవ్వుతున్నాడని బస్సు కండక్టర్లు వేళాకోళం చేసేవారు. శివకు అది కూడా పొగడ్తలాగే వినిపించేది.

అలాంటి షాపులోకి ఒక మధ్యాహ్నం, జోరువానలో తడిసి ముద్దయిన అమ్మాయి వచ్చింది. ప్లాస్టిక్ కవర్లో చుట్టిన ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది.

"తాళం వెయ్యాలె."

శివ కొంచెం నీరుగారిపోయాడు. "తీసుడు నా స్పెషల్ మేడం. వేసుడు అందరికీ వస్తది."

"అందరికీ వస్తే ఇంత వానల నీ దగ్గరికెందుకొస్త? ఫోన్ మొత్తానికి కాదు. వాట్సాప్‌కు, ఫొటోలకు. మిగతా ఫోన్ ఎవరు పట్టుకున్నా తెరుసుకోవాలె. అర్ధరాత్రి 108కు చెయ్యాల్సొస్తే గూడెంల వాళ్ళకు నా పిన్ ఎవరు చెప్తరు?"

ఆమె జడ చివర నుంచి నీళ్ళు కొత్త ఛార్జర్ల డబ్బా మీద పడుతున్నాయి. శివ డబ్బా జరపడం మర్చిపోయి ఆమెనే చూస్తున్నాడు. మెడలో వేలాడుతున్న కార్డు మీద "వనజ, ఏఎన్ఎం" అని ఉంది. కళ్ళు మాత్రం నర్సు కళ్ళలా లేవు, సూది గుచ్చడానికి సిద్ధంగా ఉన్న సిరంజిలా ఉన్నాయి.

అందమైన అమ్మాయి ఎదురైతే తెలివి తక్కువ మాట ముందుగా బయటికి వస్తుంది. శివకూ వచ్చింది.

"ఎవరు చూస్తరని భయం మేడం? లవరా?"

"దవాఖానాకు పోతే డాక్టర్ నీ రోగం ఏందని రోడ్డు మీదికి వినపడేటట్టు అడుగుతడా?"

"లేదు..."

"మరి నీకెందుకు? తాళం వేసేటోనివి తాళం వెయ్యి. తలుపెనక ఏముందో నీ పని కాదు."

"జోక్ చేసిన మేడం."

"నీ జోకు నాకన్న ఎక్కువ తడిసింది. పని చూడు."

శివ తల వంచుకుని ఫోన్ అందుకున్నాడు. సెట్టింగుల్లో వెతికి, రెండు యాప్‌లకూ తాళం పెట్టాడు. ఊరికే ఉండలేక వివరించాడు కూడా. "ఇప్పుడు మెసేజ్ వస్తే ఎవరు పంపిన్రో, ఏం పంపిన్రో పైన కనపడ్తది. అది కూడా దాస్తున్న. లేకుంటే తలుపుకు తాళమేసి కిటికీ తెరిచి పెట్టినట్టయితది."

ఆ మాటకు ఆమె మొదటిసారి అతన్ని మనిషిని చూసినట్టు చూసింది.

"పిన్ పెట్టుకోండి" అని ఫోన్ ఇచ్చి, శివ స్టూలు మీదే గిర్రున తిరిగి గోడ వైపు కూర్చున్నాడు.

"ఏంది, అటు తిరిగినవ్?"

"షాపు రూలు. పిన్ పెట్టుకునేటప్పుడు గోడకు తిరుగుత. ఎవరిదైనా సరే, మా నాయనదైనా సరే."

గోడ మీద పాత క్యాలెండర్ తప్ప ఏమీ లేదు. అయినా ఆమె పిన్ పెట్టడం అయిపోయాక కూడా అతను తిరగలేదు, ఆమె చెప్పేదాకా. వనజకు ఆ వీపు నచ్చింది. అంతలో ఆ వీపు గల మనిషి నోరు తెరిచి చెడగొట్టుకున్నాడు.

"మర్చిపోయినా భయం లేదు మేడం. ఈ కంపెనీ ఫోన్లల్ల ఈ తాళానికి ఒక దొడ్డిదారి ఉంది. నా దగ్గరికి తెస్తే చిటికెల తీస్త."

ఆమె మొహం మారిపోయింది. "అంటే నీకు బుద్ధి పుట్టినప్పుడల్లా తీయగలవ్."

"తీయగల. కానీ తీయ."

"ఎట్ల నమ్మాలె?"

"పైన బోర్డు చూసిన్రు గదా, ఇన్నేండ్ల నుంచి..."

"చూసిన. అదే నా భయం" అని వనజ వానలోకి వెళ్ళిపోయింది. 

*

వనజది ఇల్లందు దాటి, తారురోడ్డు వదిలి, అడవిలోకి పోతే వచ్చే కోయగూడెం. నర్సు ట్రైనింగ్ చేసి, తమ గూడెం పక్కనున్న ఆరోగ్య సబ్‌సెంటర్‌లోనే ఉద్యోగం తెచ్చుకుంది. తండ్రి జంపయ్య తేనె తీస్తాడు. మాటలు తక్కువ మనిషి.

గూడెంలో సిగ్నల్ ఒక్కచోటే వస్తుంది, ఊరి చివర ఇప్పచెట్టు కింద. అందుకని ఆ చెట్టు కొమ్మకు ఒక వెదురుబుట్ట కట్టారు. ఇంటికి చేరినవాళ్ళు ఫోన్లు ఆ బుట్టలో పెట్టి తమ పనులు చూసుకుంటారు. ఎవరి ఫోన్ మోగినా చెట్టు కింద ఉన్నవాళ్ళు ఎత్తి మాట్లాడి, ఆ ఇంటికి కేకేసి కబురు చెప్పాలి. అది గూడెం మర్యాద. నా ఫోన్ నువ్వెందుకు ఎత్తావని అడిగినవాళ్ళు అప్పటిదాకా లేరు. ఇళ్ళకే గొళ్ళాలు లేని చోట ఫోన్‌కు ఏముంటుంది?

ఆ మర్యాదే ముత్తక్క కొంప ముంచింది.

ముత్తక్కకు ఆడవాళ్ళ జబ్బు ఒకటి చాలాకాలంగా ఉంది. మొగుడికి కూడా చెప్పుకోలేదు. వనజ నచ్చజెప్పగా నచ్చజెప్పగా, ఎదురుగా చెప్పడానికి సిగ్గుపడి, సంతకు పోయిన రోజు వాట్సాప్‌లో మాట రికార్డు చేసి పంపింది. ఆ మాట వచ్చేసరికి వనజ ఫోన్ బుట్టలో ఉంది. చెట్టు కింద చీపుర్లు కడుతున్న బొజ్జయ్య తాత, ఫోన్ వచ్చిందనుకుని, ఎత్తి, కనిపించిందల్లా నొక్కాడు. ముత్తక్క గొంతు ఖంగున మోగింది.

"ఆఁ, చెప్పు బిడ్డా, ఇంటున్న!" అని తాత గట్టిగా బదులు చెప్పాడు. రికార్డు అని ఆయనకు తెలియదు. ఆమె ఒక్కో మాటకూ "అట్లనా?", "ఎప్పటినుంచి?" అని అడుగుతూనే ఉన్నాడు. ఆ గోల విని సగం గూడెం పోగైంది. కొందరు నవ్వారు. నవ్వినవాళ్ళు చెడ్డవాళ్ళేమీ కాదు. కానీ నవ్వారు.

ఆ రోజు నుంచి ముత్తక్క దవాఖానా మానేసింది. మందులు మానేసింది. ఆ జబ్బును అట్లా వదిలేస్తే ప్రాణం మీదికి వస్తుందని వనజకు తెలుసు. ఇంటికి వెళ్ళి బతిమాలితే ముత్తక్క ఒకే ఒక్క మాట అంది.

"నా మాట నీ దగ్గర దాస్తే చెట్టు కింద దొరికింది."

వనజ ఆ రాత్రి అన్నం తినలేదు. పొద్దున్నే లేచి ఒక నిర్ణయానికి వచ్చింది. ఇంకోసారి ఏ ఆడదాని మాటా ఆ చెట్టు కింద మోగదు. ఎవరేమన్నా సరే, ఎవరు అలిగినా సరే. వనజ ఒకసారి అనుకుంటే ఇక దేవుడొచ్చి చెప్పినా వినదని తల్లి యశోద చిన్నప్పటి నుంచీ మొత్తుకుంటూనే ఉంది.

అందుకే ఆ వానలో ఇల్లందు వెళ్ళింది. తిరిగి వచ్చి నేరుగా ముత్తక్క ముందు కూర్చుంది.

"అక్కా, నువ్వే తెరిచి చూడు."

ముత్తక్క వాట్సాప్ నొక్కింది. తెరుచుకోలేదు. అన్ని వేళ్ళూ పెట్టి చూసింది. చీరకొంగుతో తుడిచి మళ్ళీ పెట్టింది. ఊహూఁ.

"మొండిది. నీ లెక్కనే ఉంది" అంది ముత్తక్క. చాలా రోజుల తర్వాత ఆమె నవ్వడం అదే. మర్నాడు మందులు మళ్ళీ మొదలయ్యాయి. ఆమెను చూసి మరికొందరు ఆడవాళ్ళు కూడా తమ మాటలు పంపడం మొదలుపెట్టారు.

*

ప్రతి వారం మీటింగు కోసం వనజ ఇల్లందు వస్తుంది. మీటింగు అయ్యాక బస్సు ఉంటుంది. ఆ బస్సు ఎందుకో మొబైల్ షాపు ముందు నుంచి చూస్తేనే బాగా కనిపిస్తుందని వనజ కనిపెట్టింది.

"తాళం ఆగిందా నర్సమ్మా?"

"ఆగింది. నీ నోరే ఆగుతలేదు."

ఒకసారి స్క్రీన్ గార్డు వేయించుకుంది. తర్వాత అది వంకరగా ఉందని తీయించి మళ్ళీ వేయించింది. అది వంకరగా లేదని ఇద్దరికీ తెలుసు. షాపులో నిలబడి తమ గూడెం వాళ్ళతో తమ భాషలో ఫోన్ మాట్లాడుతుంటే, ఒక్క ముక్క అర్థం కాకపోయినా శివ పని ఆపి వినేవాడు. చిత్రంగా, తాళం వెనుక ఏముందని మాత్రం మొదటి రోజు తర్వాత ఇంకెప్పుడూ అడగలేదు. చివరికి ఆమే ఉండబట్టలేక అడిగింది.

"దాంట్ల ఏముందో అడగవా?"

"అడిగితే చెప్తవా?"

"చెప్ప."

"మరి అడుగుడెందుకు? ఛాయ్ సల్లారుతుంది, తాగు."

వనజ ఛాయ్ అవసరమైన దానికన్నా నెమ్మదిగా తాగింది. బస్సు హారన్ కొట్టాక లేచి, గుమ్మం దగ్గర ఆగి అంది. "ఒక్క ముచ్చట చెప్త. దాంట్ల లవర్ లేడు."

ఆ సాయంత్రం శివ ఒకరి ఫోన్‌కు ఇంకొకరి స్క్రీన్ బిగించబోయి గిరాకీతో తిట్లు తిన్నాడు. తిడుతున్నంతసేపూ నవ్వుతూనే ఉన్నాడు. ఆ మొండిపిల్ల అంటే తనకు ప్రాణమని అప్పటికి అతనికి తెలిసిపోయింది.

గూడెంలో మాత్రం వేరే నవ్వు నడుస్తోంది. తెరుచుకోని వాట్సాప్ గురించి ఇప్పచెట్టు కింద తీర్మానాలు జరిగిపోయాయి. "దాసిందంటే దాసేది ఉన్నట్టే గదా" అంది మేనత్త ఉప్పలమ్మ. ఆమె కొడుకు వీరబాబు ఇల్లందుకు ఆటో నడుపుతాడు. వనజకు బావ వరస. పెళ్ళి మాట ఎవరూ ఆమెను అడగలేదు కానీ, అయిపోయినట్టే ఉప్పలమ్మ చెప్పుకుంటూ తిరుగుతోంది. వీరబాబు చెడ్డవాడు కాదు. కానీ తాళం చూసిన దగ్గర నుంచి అతనికి అన్నం సహించడం లేదు.

ఒక పొద్దున అతను బుట్టలోంచి వనజ ఫోన్ తీసుకుని, తిన్నగా శివ షాపు ముందు ఆటో ఆపాడు.

"మా మరదలి ఫోన్. వాట్సాప్ తెరువు."

మూల చిట్లిన ఆ ఫోన్‌ను శివ చూడగానే గుర్తుపట్టాడు. "ఆమె రాలేదా?"

"ఆమె ఎందుకు? రేపు నా పెండ్లాం అయ్యేది. బోర్డు మీద రాసుకున్నవ్ గదా, తెరువు."

పెండ్లాం అనే మాట శివ గుండెల్లో ఎక్కడో ఇరుక్కుంది. తెరవనంటే ఈ మనిషి ఫోన్ పట్టుకుని పక్క షాపుకు పోతాడు. అక్కడ గోడకు తిరిగే అలవాటు ఎవరికీ లేదు.

"టైం పడ్తది. పెట్టిపో, రేపు రా" అని ఫోన్ సొరుగులో పెట్టి తాళం వేశాడు. వనజకు చెబుదామంటే ఆమె ఫోన్ తన సొరుగులోనే ఉంది. గూడెం వైపు పోయే కండక్టరుకు కబురు చెప్పి పంపాడు.

కబురు చేరేలోపే, బొజ్జయ్య తాత చెబితే తెలుసుకుని, వనజే స్వయంగా వచ్చింది.

"నా ఫోన్ ఇక్కడుందా?"

"ఉంది. వీరబాబు తెచ్చిండు. నేను..."

"తెస్తే తీసుకున్నవ్."

"వద్దంటే ఇంకో షాపుకు పోతడని..."

"నీకు దొడ్డిదారి తెలుసు. నీ నోటితోనే చెప్పినవ్. ఇన్నవా, లేదా?"

"ఇనలే వనజా! అసలు తెరవనే లేదు. అయినా ఇంటే మాత్రం మీ భాష నాకు అర్థమైతదా?"

అనకూడని మాటను వెతికి వెతికి అనడంలో శివను మించినవాడు లేడు. వనజ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు పడనివ్వకుండా చేయి చాచి ఫోన్ అందుకుంది.

"అర్థం కాకుంటే ఇన్నట్టు కాదా? తెరుసుకోని తాళం లేదని బోర్డు పెట్టుకున్నోని దగ్గరికి వచ్చి తాళం వేయించుకున్న. తప్పు నాదే."

ఆమె వెళ్ళిపోయాక శివ చాలాసేపు ఆ గోడనే చూస్తూ కూర్చున్నాడు.

*

ఆదివారం జంపయ్య వాకిట్లో పెద్దమనుషులు కూర్చున్నారు. ఉప్పలమ్మ పట్టుబట్టి కూర్చోబెట్టింది. ఆడవాళ్ళు అరుగు దగ్గర, మగవాళ్ళు నులకమంచాల మీద. వాన వెలిసి ఎండ కాస్తోంది.

వీరబాబు ఆటో వచ్చి ఆగింది. అందులోంచి శివ దిగాడు. అతన్ని చూసి వనజ మొహం రాయి చేసుకుంది. శివ ఆ రాయి వైపు చూసే ధైర్యం చేయలేదు. వీరబాబు రమ్మన్నప్పుడు రానని చెబుదామనే అనుకున్నాడు. కానీ తను రాకపోతే ఇంకో మెకానిక్ వస్తాడు. అందుకే వచ్చాడు.

"బిడ్డా, అందరి ముంగట తెరువు. ఏమీ లేకుంటే దాసుడెందుకు?" అంది ఉప్పలమ్మ.

"తెరవ అత్తమ్మా."

"పెండ్లి చేసుకునేటోనికన్న చూపెట్టు."

"ఎవరికీ చూపెట్ట. పెండ్లి అంటున్నవ్, నన్నెవరడిగిన్రు? అడిగితే చెప్తుంటి. బావంటే నాకు కోపం లేదు, పెండ్లి చేసుకునే మనసూ లేదు. ఈ తాళానికి, దానికి సంబంధం లేదు."

వీరబాబు మొహం ఎర్రబడింది. ఫోన్ లాక్కుని శివ చేతిలో పెట్టాడు. "సంబంధం ఉందో లేదో ఇప్పుడు తెలుస్తది. తియ్యి."

వాకిలంతా శివ చేతుల వైపు చూసింది. వనజ కూడా చూసింది. అతనికి దారి తెలుసని ఆ వాకిట్లో ఆమె ఒక్కదానికే తెలుసు. ముత్తక్క వైపు చూసింది. ముత్తక్క అరుగు మీద కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది.

శివ ఫోన్‌ను అటూ ఇటూ తిప్పాడు. ఏదో నొక్కాడు. తల గోక్కున్నాడు. ఫోన్ తిరిగి ఇచ్చేశాడు.

"రాదు."

"ఏంది రాదు?"

"ఈ తాళం తీసుడు నాకు రాదు."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత మంచాల మీద నవ్వు లేచింది. "ఇల్లందుల గంత పెద్ద బోర్డు పెట్టిండు గదనే!" అన్నారెవరో. "బోర్డు రాసేటోడు తప్పు రాసిండేమో" అన్నారింకొకరు. శివ చెవులు ఎర్రబడ్డాయి. జీవితంలో అతనికి ఉన్న ఒకే ఒక్క గర్వం అది. దాన్ని ఆ వాకిట్లో పరిచి అందరినీ తొక్కనిచ్చి, తలెత్తుకునే నిలబడ్డాడు. 

వనజకు నవ్వులేవీ వినిపించలేదు. ఈ మనిషినా నేను అన్ని మాటలన్నది అనుకుంది.

"వీనికి రాకుంటే ఖమ్మం తీస్కపోత" అన్నాడు వీరబాబు.

ఆ మాట వినగానే వనజ లేచింది. బావ చేతిలోంచి ఫోన్ లాక్కుని రోలు అంచు మీద పెట్టి, పక్కనున్న రోకలి ఎత్తింది.

"ఖమ్మం దాక ఎందుకు బావా? ఇది పగుల్తది గాని తెరుసుకోదు. చూడు."

రోకలి దిగేలోపు ఒక చేయి వచ్చి పట్టుకుంది. ముత్తక్క.

"వద్దు బిడ్డా! నేను మందేసుకున్ననా అని అడిగేది అదే గదా." ఆమె రోకలి వదలకుండా అలాగే పట్టుకుంది. మంచాల వైపు తిరిగింది. "తాళమేసింది నా కోసం. దాంట్ల ఉన్నది నా మాట. ఏం మాటని మళ్ళ అడుగుతరా? ఒకసారి ఇని నవ్వింది సాలలేదా మీకు?"

మంచాలు కిర్రుమనడం కూడా మానేశాయి. అరుగు మీద ఇంకొకామె లేచి ముత్తక్క పక్కన నిలబడింది. తర్వాత ఇంకొకామె. బొజ్జయ్య తాత తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకుని "నేను ఫోన్ వచ్చిందనుకున్న బిడ్డా..." అని గొణిగాడు.

అప్పుడు లేచాడు జంపయ్య. అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడని మనిషి, వాకిలి చివరకు పోయి, నిలువెత్తు పెరిగిన గడ్డిలోంచి నాలుగు పోచలు తెంపుకొచ్చి, అరచేతుల మధ్య మెలిపెట్టాడు. అదేమిటో గూడెంలో అందరికీ తెలుసు. అడవిలో తేనెపట్టు చూసినవాళ్ళు, తేనె ముదిరేదాకా ఆ చెట్టు మొదలుకు గడ్డి మెలేసి ముడి కట్టి వస్తారు. ఆ ముడి ఉన్న చెట్టు ఇంకెవరూ ఎక్కరు.

"మన ఇండ్లకు గొళ్ళెం లేదన్నరు. నిజమే" అన్నాడు జంపయ్య. "మరి ముడేసిన తేనెచెట్టు ఎవరన్న ఎక్కిన్రా? మా తాత కాలంల ఎక్కిన్రా?"

మంచాల మీద ఒకరిద్దరు తల అడ్డంగా ఊపారు.

"గడ్డిముడి విప్పుడు రానోడు ఎవడుంటడు? పసిపోరగానికి కూడా వస్తది. అయినా విప్పం. రాక కాదు." ఆ చివరి మాట అంటూ జంపయ్య శివ వైపు చూశాడు. తేనెటీగ ఎటు పోతుందో చూసి చెట్టును కనిపెట్టే కళ్ళవి. శివ చప్పున తల దించుకున్నాడు.

జంపయ్య రోలు మీది ఫోన్ తీసి, దాని కవరు మూలకు గడ్డి చుట్టి ముడేసి, కూతురి చేతిలో పెట్టాడు. "ఇక ఇది బుట్టల పెట్టినా ఎవ్వరూ ముట్టరు."

వీరబాబు చాలాసేపు నేల చూశాడు. తర్వాత లేచి శివ భుజం మీద చేయి వేశాడు. "దా, దింపొస్త. కిరాయి వద్దులే." కొడుకు మొహం చూసిన ఉప్పలమ్మ కూడా ఇంకేమీ అనలేదు.

*

మర్నాడు తండ్రి చందర్ గనిలో డ్యూటీ దిగి వస్తూ, షాపు ముందు నిచ్చెన మీద బ్రష్షుతో నిలబడ్డ కొడుకును చూసి ఆగిపోయాడు.

"ఏం రాస్తున్నవ్ రా? గిరాకీ పోతది!"

"పోనీ నాయనా. ఇంకో గిరాకీ వస్తది."

వారం మీటింగు రోజు వనజ బస్సు దిగింది. వెంట జంపయ్య కూడా ఉన్నాడు, తేనె అమ్ముకోవడానికి వచ్చాడు. ఆయన డబ్బాలు తీసుకుని తేనె కొనే డిపో వైపు పోయాక, వనజ రోడ్డు దాటి, బోర్డు చూసి నిలబడిపోయింది.

"ఇచ్చట యాప్‌లకు తాళం వేయబడును. తీయబడదు."

ఆమె నవ్వు ఆపుకోలేక నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. లోపల శివ లేచి నిలబడ్డాడు, మళ్ళీ కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు.

"నీకు దారి తెలుసు" అంది వనజ లోపలికి వచ్చి.

"తెలుసు."

"మరి రాదని ఎందుకన్నవ్?"

"తెలిసిన దారులన్నిట్ల పోవాల్నా?"

వనజ బల్లకు ఆనుకుని నిలబడింది. "ఆ రోజు చాన మాటలన్న. తప్పు నాదే అని కూడా అన్న. అది ఒక్కటే సక్కగ అన్న."

"ఇంకోటి కూడా సక్కగనే అన్నవ్. అర్థం కాకున్నా ఇంటే ఇన్నట్టే. నాకు బుద్ధి లేక గట్ల అన్న." శివ చేయి చాచాడు. "ఫోన్ తే. దొడ్డిదారి మూసేస్త. కొత్త అప్‌డేట్ వేస్తే ఇక నాకు కూడా దారి ఉండదు."

గడ్డిముడి ఉన్న ఫోన్‌ను ఆమె అతని చేతిలో పెట్టింది. ముడి కదలకుండా జాగ్రత్తగా పట్టుకుని అతను పని పూర్తి చేశాడు. కొత్త పిన్ పెట్టమని ఫోన్ ఇచ్చి, అలవాటుగా గోడకు తిరిగాడు.

"పెట్టినవా?"

జవాబు లేదు.

"వనజా, అయిందా? తిరగాల్నా?"

జవాబు లేదు. రూలు రూలే కాబట్టి శివ ఆ పాత క్యాలెండర్‌నే చూస్తూ ఉండిపోయాడు. చివరికి ఉండబట్టలేక తిరిగితే షాపులో ఎవరూ లేరు. వనజ బయట, అతని బండి దగ్గర వంగి ఏదో చేస్తోంది.

పరుగెత్తాడు. బండి హ్యాండిల్‌కు పచ్చగడ్డి మెలేసి, ముడి కట్టి ఉంది.

శివకు నోట మాట రాలేదు. ఎన్ని మాటలు జారినా ఆ మనిషికి నోట మాట రాకపోవడం అదే మొదటిసారి. "ఇది... ఇది అదేనా?"

"అవ్. చూసినోళ్ళు ఇక ముట్టొద్దు."

"బండినా?"

"బండి నడిపేటోన్ని."

చినుకులు మొదలయ్యాయి. బస్టాండులో జనం నీడకు పరుగెడుతున్నారు. వాళ్ళిద్దరూ కదల్లేదు.

"ఎన్ని రోజులుంటది ఈ ముడి?"

"తేనె తీసేదాక."

"ఎవరు తీయాలె?"

"ముడేసినోళ్ళే తీయాలె" అంది వనజ, అతని కళ్ళలోకి చూస్తూ. "నీకిష్టం లేకుంటే ఇప్పుడే చెప్పు. ముడి విప్పేస్త."

"ఇష్టమే! నీవంటే నాకు ఆ మొదటి వాన నుంచి ఇష్టం. ముట్టకు దాన్ని!"

అప్పుడే వెనుక నుంచి ఒక నల్లటి చేయి వచ్చి ఆ ముడి మీద పడింది. జంపయ్య. ఖాళీ తేనెడబ్బాలు భుజాన వేసుకుని, ఎప్పుడొచ్చాడో ఏమో. ఆయన ఇద్దరి మొహాలూ చూడలేదు. కళ్ళు దగ్గర పెట్టి ముడినే చూశాడు. తర్వాత నిదానంగా దాన్ని విప్పడం మొదలుపెట్టాడు.

శివ హ్యాండిల్ వైపు చేయి చాచి ఆగిపోయాడు. వనజ "అయ్యా..." అని ఒక అడుగు ముందుకు వేసింది.

జంపయ్య గడ్డిని పూర్తిగా విప్పి, మళ్ళీ మెలిపెట్టి, హ్యాండిల్ చుట్టూ ఇంకో చుట్టు వేసి, పళ్ళతో లాగి బిగించాడు.

"వదులుగ కట్టినవ్ బిడ్డా" అన్నాడు. "గాలికి ఊడిపోతది."